వాగు దాకా వచ్చి ఆగిన పాట

మా మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. ఎవరి సొంత ఊరి గురించి వాళ్ళు ఒక పేజీ రాసుకు రావాలట: ఊరి చరిత్ర, జనాభా, పండే పంటలు. పిల్ల ఫోన్‌లో వెతికి, మా ఊరి పేరు కింద ఉన్నదంతా క్షణంలో చదివేసింది. చదవడానికి ఉన్నది కూడా అంతే. పాలమూరు వైపు ఒక చిన్న ఊరు, ఇంతమంది మగవాళ్ళు, ఇంతమంది ఆడవాళ్ళు. చరిత్ర అన్న చోట ఒక్క ముక్క లేదు.

"అమ్మమ్మా, ఇంత చిన్న ఊరా మీది?" అంది జాలిగా.

నాకు ఒళ్ళు మండింది. ఆ లెక్క రాసిన వాళ్ళు ఊళ్ళోకి వెళ్ళి, గుమ్మాల్లో కనిపించిన వాళ్ళను లెక్కపెట్టుకుని వచ్చేశారు. సగం ఊరు ఎప్పుడో బొంబాయికి వచ్చి, కామాటిపురలో మా గల్లీలో కాపురం పెట్టింది. ఆ సగాన్ని ఎవరు లెక్కపెట్టారు? చరిత్ర ఎవరు దాచారు? మా అవ్వ, మా నాన్న తల్లి, దాచింది. ఆమెకు చదువు రాదు. పాడటం వచ్చు, గచ్చు కొట్టడం వచ్చు. ఆ రెండూ ఆమెకు ఒకటే పని.

కామాటిపుర అనగానే కొందరు పెదవి చివర నవ్వుతారు. నవ్వనీ. కామాటీలంటే కట్టేవాళ్ళు. ఈ నగరంలో పాత మేడ ఏదైనా ముట్టుకుని చూడండి, దాని సున్నంలో మా వాళ్ళ చెమట ఉంటుంది. మా తాతలు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ నేల సగం బురద, సగం సముద్రమని అవ్వ చెప్పేది. ఆ నేలను పూడ్చి, రాయి పరిచి, దాని మీద ఊరు లేపిన వాళ్ళు మేము. మా పేరే ఈ పేటకు పెట్టారు. తర్వాత ఎవరెవరో వచ్చి ఎర్రదీపాల దుకాణాలు తెరిస్తే ఆ పేరు మాది కాకుండా పోతుందా?

మాది మూడంతస్తుల చాల్. ఒక్కో అంతస్తులో వరసగా ఒంటిగది ఖోలీలు, వాటి ముందు పొడుగాటి వరండా, చివర నల్లా. తెల్లవారితే నల్లా దగ్గర బిందెల చప్పుడు, బొగ్గుల కుంపట్ల పొగ, జొన్న రొట్టెలు చరిచే చప్పుడు. మధ్యాహ్నం ఎండు చేపలు వేగే వాసన. సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్ మీది ఇరానీ హోటల్ నుంచి వేడి పావ్ వాసన వస్తుంటే, అది మాకు కడుపు నిండా తిన్నంత పని చేసేది. మా మాటలో తెలుగెంతో మరాఠీ అంత. దాదర్‌లో తెలుగు వాళ్ళ పండగ సభలకు వెళ్తే అక్కడి పెద్దమనుషులు మా మాట విని ముసిముసిగా నవ్వేవారు. మా నాన్న వాళ్ళకేసి చూసి, "మీరు కూసున్న బిల్డింగు కట్టింది ఈ మాట మాట్లాడినోళ్ళే" అని మెల్లగా అనేవాడు. ఆ మాట తర్వాత మాకు కుర్చీలు దొరికేవి.

మా అవ్వకు మా ఊరిని ఎవరైనా పల్లె అంటే గిట్టేది కాదు. "పల్లె గాదు, కస్బా" అనేది. ఊళ్ళో వారానికోసారి అంగడి జరిగేది, బండ్లు ఆగేవి, ఒక పోలీసు ఠాణా కూడా ఉండేదట. ఠాణాలో ఒకే జవాను. ఆ జవానుకు మా వాళ్ళే అన్నం పెట్టేవాళ్ళట. "అయితే ఏమైంది? ఠాణా ఠాణానే" అనేది అవ్వ.

రైలు దిగి వచ్చినవాడెవడైనా నేను మీ ఊరివాణ్ణి అంటే, మా చాల్ వరండాలో చాప పరుచుకోవడానికి చోటు ఇచ్చేవారు. పని దొరికి, ఖోలీ దొరికే దాకా ఆ చోటు వాడిదే. అయితే ముందు అవ్వను దాటి రావాలి. ఆమె మెట్ల దగ్గర కూర్చుని ఒకే ప్రశ్న వేసేది. "ఎవరి గడప బిడ్డా?" ఎవరి గడప, ఏ పక్క గడప, ఎదురుగా ఏముంది. ఒకసారి ఒక బక్కపలచటి మనిషి వచ్చి మా ఊరే అన్నాడు. ఇంటి ముందు ఏముందని అవ్వ అడిగితే వేపచెట్టు అన్నాడు. "యాపచెట్టు లేని ఊరు ఏడున్నది నాయనా? చాయ్ తాగి పో" అని అవ్వ చాయ్ ఇచ్చి పంపించేసింది. ఆ మనిషి కూడా నవ్వుకుంటూ చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఆమె అలా పట్టేయగలగడానికి కారణం పాట.

మా ఆడవాళ్ళది గచ్చు కొట్టే పని. డాబా మీద ఇటుక ముక్కలు, సున్నం, ఇసుక కలిపి పరిచి, దాని మీద బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చల్లుతూ, వరసగా గొంతుక్కూర్చుని వెడల్పాటి చెక్కలతో కొడతారు. మొదట్లో దబ్ దబ్ మని మొద్దుగా వినిపిస్తుంది. కొట్టగా కొట్టగా లోపలి గాలంతా పోయి గచ్చు బిగుస్తుంది. అప్పుడు చప్పుడు మారి ఠంగ్ మంటుంది. గచ్చు పలికింది అంటారు. పలికిన గచ్చు మీద పోసిన నీళ్ళు పైనే నిలబడతాయి, లోపలికి దిగవు. దూలానికీ దూలానికీ మధ్య ఉన్న భాగాన్ని పట్టె అనేవాళ్ళు. ఒక పట్టె ఎంతసేపు కొట్టాలి? గడియారం ఎవరి దగ్గర ఉంది? మా ఊరి ఆడవాళ్ళు దానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఊరి మొదట నుంచి చివరి దాకా గడప గడపా పాడుకుంటూ పోవాలి. ఊరు అయిపోతే పట్టె అయిపోయినట్టు.

బురుజు కాడ మొదలు పెట్టి, వేయమ్మ దెబ్బ
కుమ్మరోళ్ళ ఆవం దాటి, వేయమ్మ దెబ్బ
ఎడమ చెయ్యి పక్క చూస్తె, వేయమ్మ దెబ్బ
ముగ్గురన్నదమ్ములిల్లు, వేయమ్మ దెబ్బ

అవ్వ మొదటి సగం అంటే మిగతా వాళ్ళు దెబ్బతో కలిపి రెండో సగం అనేవారు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. గుడ్డి ఎద్దు ఉన్న ఇల్లు. అల్లుడు అలిగి పోయిన ఇల్లు. మా ఇల్లు "కట్టీ కట్టని గోడ ఇల్లు". మా తాత మేస్త్రీ. బొంబాయిలో ఎన్నో గోడలు లేపాడు గాని ఊళ్ళో మా ఇంటి గోడ సగంలోనే ఉండిపోయింది. ఆ చరణం వచ్చినప్పుడు అందరూ అవ్వ వైపు చూసి నవ్వేవారు. ఆమె ఇంకా గట్టిగా పాడేది.

అందరికీ అంత గుండె ఉండేది కాదు. మా ఎదురు ఖోలీలో ఒక పెద్దవ్వ ఉండేది, మా అవ్వ ఈడుదే. వాళ్ళింటి గుర్తు "పక్కింటి కోడి దూరిన ఇల్లు". దూరిన కోడి మళ్ళీ బయటికి రాలేదని ఊరంతా అనుకున్నదన్నమాట. ఆ చరణం దగ్గరికి రాగానే పెద్దవ్వకు తప్పకుండా దగ్గు వచ్చేది. ఆ దగ్గులో కోడి వినిపించకుండా పోవాలని ఆమె ఆశ. పిల్లలం మేము ఆ దగ్గు కోసమే పని జరిగే మేడ మెట్ల మీద కాచుకుని కూర్చునేవాళ్ళం.

చాల్‌లో ఎవరికైనా బిడ్డ పుడితే, తర్వాత గచ్చు కొట్టినప్పుడు ఆ గడప దగ్గర అవ్వ ఆ బిడ్డను కూడా కలిపేది. నేను "ఎగిరి దుంకే పిల్ల" అని అందులో ఉన్నాను. పోయిన వాళ్ళను మాత్రం తీసేది కాదు. తీస్తే పాట పొట్టిదవుతుంది, పాట పొట్టిదైతే గచ్చు మెత్తబడుతుంది. అందుకని మా ఊరి జనం అవ్వ పాటలో పెరగడమే గాని తగ్గడం లేదు. దీన్ని మించిన జనాభా లెక్క ఏ సర్కారు దగ్గరైనా ఉందేమో చూపించమనండి.

నాకు పదేళ్ళో పదకొండేళ్ళో ఉన్నప్పటి ఎండాకాలం సంగతి ఇప్పుడు చెప్తాను.

అంతకు ముందటి వానలకు మా పై అంతస్తు మొత్తం కారింది. మంచాల మీద గిన్నెలు, పొయ్యి పక్కన తపేలాలు, మా నాన్న నెత్తి మీద తువాలు. చాల్ యజమాని మనిషి వచ్చి పైకప్పు చూసి, పాత గచ్చు పగిలిపోయింది, తారు రేకులు వేసుకోండి, అది కూడా మీరే వేసుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రే వరండాలో అందరూ కూర్చున్నారు. అప్పటికి మిల్లులు మూతబడి మగవాళ్ళు చాలామంది ఖాళీగా ఉన్నారు. అవ్వ లేచి, "బొంబై మొత్తానికి కప్పేసినోళ్ళం. మన నెత్తి మీద మనం తారు పూసుకుంటమా?" అంది. ఇంక మాట్లాడటానికి ఏముంది? గచ్చు వేయాలని తేలిపోయింది.

చిక్కల్లా చేతులతోనే. నిజంగా గచ్చు కొట్టిన ఆడవాళ్ళు అవ్వ, పెద్దవ్వ, ఇంకో కొద్దిమంది ముసలివాళ్ళే మిగిలారు. మా అమ్మ ఈడు వాళ్ళు బీడీలు చుట్టడం, ఆఫీసుల్లో ఊడవడం చేసినవాళ్ళు. వాళ్ళు కొత్తగా చెక్క పట్టుకున్నారు.

పని మొదలయ్యే ముందు ఒక పడుచు జంట వచ్చింది. పిల్ల చంకలో పసివాడు, మొగుడి నెత్తిన మూట. ఊళ్ళో రెండేళ్ళుగా వానల్లేవట. అవ్వ మెట్ల దగ్గర తన చోట్లో కూర్చునే ఉంది.

"ఎవరి గడప బిడ్డా?"

"వాగవతలోళ్ళం అవ్వా. గుట్ట కింది వాడ" అంది ఆ పిల్ల.

అవ్వ పెదవులు కదిలాయి. లోపల పాట పాడుకుంటూ ఊరంతా తిరుగుతోందని నాకు అర్థమైంది. పాట వాగు ఒడ్డున చాకిరేవు బండ దగ్గర ఆగిపోతుంది. వాగు దాటదు. వాగుకు అవతల ఉన్నది, ఊరు తాకకుండా దూరం పెట్టిన వాళ్ళ వాడ. ఆ సంగతి అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసే సంగతుల్లో అదొకటి.

"పాటల లేదు బిడ్డా" అంది అవ్వ చివరికి.

"పాటేందవ్వా? ఊరైతే అదే ఊరు గద."

వెనకనుంచి పెద్దవ్వ, "వాగవతలంటే తెల్వదా? ఇగ పంచాయితేంది?" అంది.

అవ్వ ఆ జంట వైపు తిరిగింది. "తిన్నరా?" అని అడిగి, రొట్టె, పచ్చిపులుసు తెప్పించి పెట్టింది. వాళ్ళు తింటుంటే, "కింద తోపుడు బండ్లు నిలిపే కాడ తాడిపత్రి పట్టా కట్టుకోండ్రి. మీద గచ్చు పని ఉన్నది, చేసుకోండ్రి" అంది.

ఆ పిల్ల తినడం ఆపి, "వానలొస్తే?" అని అడిగింది.

అవ్వ కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా అవ్వ ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా లేవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకు సిగ్గేసింది. రాత్రి పడుకున్నప్పుడు, "వాగవతల మన ఊరు కాదా అవ్వా?" అని అడిగాను. "ఊరే" అంది. కొంచెం సేపటికి, "పాటల లేదు మల్ల" అంది. అటు తిరిగి పడుకుంది.

పని మొదలైంది. డాబా మీద తొట్లలో సున్నం నానబెట్టారు. కరక్కాయలు దంచి నీళ్ళలో వేశారు, వేరే కుండలో బెల్లం. తడి సున్నం వాసన, బెల్లం వాసన కలిసి మెట్ల దాకా దిగేవి. ఇప్పటికీ కొత్తగా సున్నం వేసిన గోడ పక్కన నడిస్తే నాకు నోట్లో నీళ్ళూరతాయి. బెల్లం నీళ్ళు దొంగతనంగా తాగుదామని మేం పిల్లలం ఒక మధ్యాహ్నం కుండలో గ్లాసు ముంచాం. అది కరక్కాయ కుండ. నాలుక పెంకులా బిగుసుకుపోయి సాయంత్రం దాకా ఎవరికీ మాట రాలేదు. పెద్దవాళ్ళు కనిపెట్టి, పోనీలే ఇవాళ చాల్ ప్రశాంతంగా ఉంది అని నవ్వుకున్నారు.

వాగవతల పిల్ల మొగుడు ఇటుక ముక్కలు పైకి మోసేవాడు. ఆమె పిట్టగోడ పక్కన కుండల దగ్గర కూర్చుని నీళ్ళు అందించేది. పసివాణ్ణి గోనెపట్టా ఉయ్యాలలో వేసి నీడన కట్టింది. కొట్టే వరసలోకి ఆమెను ఎవరూ పిలవలేదు. పిలవకూడదని కూడా ఎవరూ అనలేదు. ఆమె మాత్రం చేతులు మోకాళ్ళ మీద వేసుకుని, దెబ్బ పడినప్పుడల్లా వేళ్ళు కదిలిస్తూ వినేది.

మొదటి పట్టె పాడుతూ కొట్టారు. పాట చాకిరేవు బండ దాకా వచ్చింది, చెక్కలు దిగాయి. మర్నాడు పొద్దున్నే చూస్తే ఆ పట్టె మీద వెంట్రుక మందాన పగుళ్ళు. అవ్వ సున్నాన్ని తిట్టింది, బెల్లాన్ని తిట్టింది, మమ్మల్ని తిట్టింది. కుండల దగ్గర నుంచి ఆ పిల్ల, "పాట ఒడిసింది గాని గచ్చు ఒడవలే అవ్వా. చేతుల్ల జోరు లేదు, ఇంకింత కొట్టాలె" అంది.

అందరికీ తెలిసిన నిజమే. ముసలి చేతులు, నేర్చుకుంటున్న చేతులు. పాట పాతదే, దెబ్బ చాలడం లేదు. కాని పాట అయ్యాక ఆ పట్టె మీద చెక్క వేయకూడదని మా వాళ్ళ పట్టింపు. ఊరు దాటాక దెబ్బ వేస్తే అది ఊరి మీద పడుతుందట.

"ఇంకోపారి మొదలుకెల్లి పాడరాదు అత్తా?" అంది మా అమ్మ.

"ఒక్క దినం ఊరంత రెండుపార్లు తిరిగేది సావు సాటింపు చెప్పేటోడే. చిన్నోళ్ళు పెద్దోళ్ళు ఉన్న చాల్ మీద ఆ పని నేను చెయ్య" అంది అవ్వ.

మొదటి పట్టెను అలాగే వదిలేశారు. రెండో పట్టె పరిచారు. ఆ రోజు పొద్దుటి నుంచే సముద్రం వైపు ఆకాశం నల్లగా ఉంది. గచ్చు బిగవక ముందు జల్లు పడితే సున్నమంతా కొట్టుకుపోతుంది, మళ్ళీ కొనడానికి చాల్‌లో ఎవరికీ దిక్కు లేదు. అవ్వ గొంతు బొంగురు పోయే దాకా సాగదీసి పాడింది. ఒక్కో గడప దగ్గర రెండు దెబ్బలు పడే చోట నాలుగు వేయించింది. చంటి పిల్లల్ని కూడా విడివిడిగా పాడింది. అయినా పాట వాగు ఒడ్డుకు వచ్చేసింది.

చాకిరేవు బండ కాడ, వేయమ్మ దెబ్బ
ఆడికి మా ఊరు ఆఖరు, దించమ్మ చెయ్యి

చెక్కలు దిగాయి. అవ్వ దోసెడు నీళ్ళు తీసుకుని గచ్చు మీద పోసింది. నీళ్ళు చప్పున లోపలికి దిగిపోయాయి. ఒక దెబ్బ వేసి చూడాలని ఆమె చెయ్యి లేచింది గాని దింపుకుంది. గాలి తిరిగింది. వరసలో ఉన్నవాళ్ళంతా ఆమె మొహం చూస్తున్నారు. మా అవ్వ అంత పెద్ద డాబా మీద ఏం చేయాలో తెలియక నిలబడిపోయింది.

అప్పుడు కుండల దగ్గర ఉన్న పిల్ల లేచి, తడి చేతులు చీరకు తుడుచుకుని మా అమ్మ ముందు చెయ్యి చాపింది. మా అమ్మ ఒక్క మాట అడగకుండా తన చెక్క ఇచ్చేసింది. ఆ పిల్ల వరస చివర, గచ్చు అంచున, గొంతుక్కూర్చుంది.

వాగు దాటి అడుగు పెట్టు, వేయమ్మ దెబ్బ
గుట్ట కింద తొలి గుడిసె, వేయమ్మ దెబ్బ
బురుజు రాళ్ళు మోసినోళ్ళది, వేయమ్మ దెబ్బ

రెండు సగాలూ ఆమే పాడుతోంది, దెబ్బ కూడా ఆమె ఒక్కతే వేస్తోంది. గొంతు సన్నగా ఉంది గాని వణకలేదు. చెక్క మాత్రం బరువుగా పడుతోంది.

దాని పక్క రెండో గుడిసె, వేయమ్మ దెబ్బ
పెద్దబావి తవ్వినోళ్ళది, వేయమ్మ దెబ్బ
తవ్వి నీళ్ళు తాగనోళ్ళది, వేయమ్మ దెబ్బ

పెద్దబావి మా పాటలో కూడా ఉంది. నడి ఊళ్ళో, నాలుగు గడపల మధ్య. దాని నీళ్ళు తియ్యగా ఉంటాయని ఒక చరణమంతా పాడేవాళ్ళు. ఎవరు తవ్వారో మాత్రం పాటలో లేదు. అది లేదన్న సంగతే అప్పటి దాకా మాకెవరికీ తట్టలేదు.

"ఆపు" అంది పెద్దవ్వ. "పాటల లేనిది కలుపుతరా? ఎవరు కలపమన్నరు?"

ఆ పిల్ల ఆపలేదు. మూడో గుడిసెకు వెళ్ళింది. అప్పుడు మా అవ్వ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. చెక్క తీసుకుంది. "వేయమ్మ దెబ్బ" అంది ఆ పిల్ల వెనకాల, అందరూ తన వెనకాల అనేటట్టే.

పెద్దవ్వ అవ్వ భుజం పట్టుకుంది. "నీకేమన్న మతి పొయ్యిందా? పాటల లేదు గద."

"నీ కోడి గూడ మొదాల పాటల లేకుండె" అంది అవ్వ తల తిప్పకుండానే. "నేనే కలిపిన. కూసో, దెబ్బెయ్యి. వానొస్తున్నది."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో మా అమ్మ ఈడు వాళ్ళంతా చెక్కలు ఎత్తారు. పెద్దవ్వ కాసేపు నిలబడింది. తర్వాత ఆమె కూడా కూర్చుంది, దూరంగా, మొహం అటు తిప్పుకుని. దెబ్బ మాత్రం వేసింది. కప్పు ఆమెది కూడా కదా.

ఆ వాడ ఎంత పెద్దదో నాకు తెలియదు. ఆమె మాత్రం తొందరపడకుండా ఒక్కో గుడిసె ముందు ఆగి, అక్కడ ఎవరుంటారో, ఏ పని చేస్తారో చెప్పుకుంటూ వెళ్ళింది. చెప్పులు కుట్టే ముసలాయన. మంత్రసాని, ఊరి బిడ్డలందరినీ పట్టుకున్న చేతులవి. డప్పు వేలాడే గుడిసె. బొంబాయి పోయినోళ్ళ గుడిసె అని తనది కూడా పాడింది, పసివాడితో సహా. అక్కడెక్కడో చప్పుడు మారింది. ముందు ఒక మూల, తర్వాత వరసంతా, ఠంగ్, ఠంగ్. అవ్వ మళ్ళీ నీళ్ళు పోసింది. నీళ్ళు పైనే నిలబడ్డాయి. వాటిలో మబ్బులు కనిపించాయి.

జల్లు కొద్దిగా పడి ఆగిపోయింది. గచ్చుకు ఏమీ కాలేదు.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆ పిల్లను అడిగింది. "గీ పాట మీ వాడల ఎవరు పాడుతరు?"

"ఎవరు పాడరవ్వా. ఇండ్లు తెలిస్తే పాటెంత సేపు?"

"మరి గిన్నొద్దులు నోట్ల నీళ్ళు పోసుకొని కూసున్నవేంది?"

"నువ్వు పాటల లేదంటివి గద" అంది ఆ పిల్ల. మాటలో కోపం లేదు, వెటకారమూ లేదు. అవ్వ తన చెక్క కడిగి పిట్టగోడకు ఆనించింది. చివరికి, "నీ సామాను మీదికి తెచ్చుకో పో. మా గడప ముందలనే పరుసుకో" అంది.

ఆ సాయంత్రమే చాప, మూట, గోనెపట్టా ఉయ్యాల మా వరండాలోకి వచ్చాయి. అందరూ సంతోషించారని చెప్తే అబద్ధమవుతుంది. కొందరు నల్లా దగ్గర బిందెలు జరుపుకున్నారు. పెద్దవ్వ మా ఇంటి వైపు చూడడం మానేసింది. నాన్న ఇంట్లోకి రావాలంటే పసివాడి ఉయ్యాల కింద నుంచి వంగి రావాలి. అవ్వ ఎవరికీ ఏమీ సంజాయిషీ చెప్పలేదు. మర్నాటి నుంచి ప్రతి పట్టెకూ పాట బురుజు దగ్గర మొదలై వాగు దాటి, గుట్ట కింద ఆఖరి గుడిసె దాకా వెళ్ళింది. వాగు ఒడ్డున ఆమె ఆపేది, ఆ పిల్ల అందుకునేది. పగిలిన మొదటి పట్టెను తవ్వేసి మళ్ళీ పరిచి, మొత్తం ఊరు పాడి కొట్టారు.

ఆ గచ్చు చూడాల్సింది. అద్దంలా నున్నగా, పాదం పెడితే చల్లగా. చుట్టుపక్కల గల్లీల వాళ్ళు చూసి పోవడానికి మెట్లెక్కి వచ్చారు. సిమెంటు మేస్త్రీ ఒకాయన వంగి వేలితో కొట్టి చూసి, ఈ పని ఇప్పుడెవరు చేస్తున్నారని అడిగాడు. మేం పిల్లలం పిట్టగోడ మీద కూర్చుని, మేమే, మా ఊరోళ్ళమే అని ఒక్కసారిగా అరిచాం. నా జీవితంలో తర్వాత నాకు దొరికిన మెప్పు ఏదీ ఆ రోజుకు సాటి రాలేదు.

మృగశిర కార్తెకు అసలు వాన దిగింది. మధ్యాహ్నం అన్నాల వేళకు ఫాక్‌లాండ్ రోడ్ కనిపించకుండా పోయింది. పై అంతస్తులో ఖోలీ ఖోలీలో జనం కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. అలవాటు కొద్దీ మా అమ్మ మంచం మీద తపేలా పెట్టింది. అది పొడిగానే ఉంది. పెద్దవ్వ తన గుమ్మంలో నిలబడి కప్పును చూసి, వరండాలో ఉయ్యాలను చూసి, జల్లు కొడుతున్న వైపు ఒక గోనె తెచ్చి అడ్డం కట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అవ్వ మాత్రం కప్పు వైపు చూడలేదు. మా గడప ముందు చాప మీద ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, కళ్ళు మూసుకుని గొణుగుతోంది. తొలి గుడిసె చెప్పింది, బావి తవ్వినోళ్ళది చెప్పింది, మూడో దాని దగ్గర తప్పిపోయింది. ఆ పిల్ల నవ్వి సరిచేసింది. అవ్వ మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి మంత్రసాని గుడిసెను చెప్పులు కుట్టే ముసలాయనకు ఇచ్చేసింది. మా అవ్వ ఎవరి ముందైనా అలా తలవంచి కూర్చుని నేర్చుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆమె ఎవరి దగ్గరైనా తప్పు దిద్దించుకుంటుందని కూడా అనుకోలేదు.

"ఇంకోపారి చెప్పు బిడ్డా. ముసల్దాన్ని, తలకాయకు ఎక్కుతలేదు."

వాన హోరులో ఆ పిల్ల మళ్ళీ చెప్పేది, అవ్వ మళ్ళీ తప్పేది. నేను వాళ్ళ పక్కనే గోడకు ఆనుకుని, వేయించిన శనగలు తింటూ వింటున్నాను. పసివాడు నిద్రపోతున్నాడు.

ఇప్పుడు ఆ చాల్ లేదు. గచ్చు కొట్టే పని కూడా లేదు. పాట మొత్తం వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బురుజు నుంచి చాకిరేవు బండ దాకా ఉన్న మా ఊరు నాకు సగం సగమే గుర్తుంది. కొన్ని గడపలు తారుమారయ్యాయి, కొన్ని పూర్తిగా జారిపోయాయి. వాగు అవతల మాత్రం ఒక్క గుడిసె కూడా తప్పకుండా, వరసగా చెప్పగలను. ఆ వాన రోజంతా అవ్వ తప్పుతూనే ఉంది. విని విని నాకు వచ్చేసింది.